మా తోట గట్టు మీద ఉన్నవి ఎర్రచందనమా, వేగిసా?

లంకగాలి (కొత్తపేట దగ్గర)
అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే గానీ ఏమీ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

పద్నాలుగేళ్ళ కిందట మా నాన్నగారు కడియం వైపు ఒక నర్సరీలో ఎర్రచందనం అని చెప్పి ఇస్తే నలభై మొక్కలు తెచ్చి కొబ్బరితోట చుట్టూ గట్టు మీద వేశారు. అప్పట్లో మా ఊళ్ళో అదే పిచ్చి. పాతికేళ్ళు ఆగితే మనవళ్ళు కూర్చుని తినొచ్చని ఒకళ్ళు చెప్పడం, ఇంకొకళ్ళు ఆటో కట్టించుకుని కడియం వెళ్ళడం. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. ఇరవై మూడు చెట్లు బతికాయి. బోదె వైపు, పల్లంలో వేసినవి దాదాపు అన్నీ చచ్చిపోయాయి.

మొన్న కొబ్బరి దింపు తీయిస్తూ గట్టు మీద కూర్చుని చూస్తే ఆకులు ఒక్కలా లేవు. కొన్నిటికి ఒక్కో కాడకి మూడేసి చిన్నాకులు, కొన్నిటికి ఐదూ ఏడూ. పైగా ఐదాకుల వాటిలో కొన్నిటికి ఇప్పుడు, ఈ కార్తీకంలో, పసుపు పూత ఉంది. మూడాకుల వాటికి లేదు.

ఈలోగా ఒకాయన వచ్చి, చెట్లన్నీ చూసి, "అన్నీ మంచి సరుకేనండి, పర్మిషన్ల సంగతి మేం చూసుకుంటాం, అడ్వాన్సు ఉంచండి" అన్నాడు. అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఇవి ఏంటో తెలిస్తే తర్వాత సంగతి తర్వాత.

కాలవగట్టు (రావులపాలెం)
దీనికింత ఆలోచన ఎందుకండీ. మూడాకులైతే ఎర్రచందనం, ఐదు పైనైతే వేగిస. మీ నాన్నగారికి నర్సరీ వాడు కలిపి కొట్టాడు, అంతే.

అడ్వాన్సు మాత్రం ముట్టుకోకండి.

నల్లమల నడక (ఊరు కడప, ఉద్యోగం రాజమండ్రి)
కాలవగట్టు గారు చెప్పింది చాలావరకు నిజమే. కానీ ఒక్క ఆకు తెంపి తేల్చేయకండి. ఎర్రచందనానికి మామూలుగా మూడు ఆకులే, అప్పుడప్పుడు ఐదు కూడా వస్తాయి. లేత మొక్కల్లో అయితే ఒంటి ఆకులూ ఉంటాయి. అందుకని చెట్టుకి ఓ పాతిక ఆకులు, వేరువేరు కొమ్మల నుంచి చూడండి.

ఆకు ఆకారం ఇంకా బాగా చెబుతుంది. ఎర్రచందనం ఆకు ఇంచుమించు గుండ్రం, కొసన చిన్న నొక్కు. వేగిసకీ నొక్కు ఉంటుంది గానీ ఆకు కోలగా, తోలులా దళసరిగా ఉంటుంది. రెండూ అన్నదమ్ముల బిడ్డలు, శాస్త్రం లెక్కలో ఒకే ప్రజాతి, టెరోకార్పస్. అంటే రెక్క ఉన్న కాయ అని. రెండిటికీ కాయ బిళ్ళలాగే ఉంటుంది, చుట్టూ పల్చటి రెక్క, మధ్యలో గింజ. కాయని చూసి మా జిల్లా వాళ్ళం కూడా ఒక్కోసారి పొరబడతాం.

బెరడు సంగతి. మా వైపు ముదిరిన ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. దూరం నుంచే పోల్చుకోవచ్చు. వేగిస బెరడు బూడిద రంగు, నిలువు చీలికలు. మీవి పద్నాలుగేళ్ళవి కాబట్టి బెరడు ఇంకా పూర్తిగా తేలదు.

లంకగాలి
గుండ్రటాకులు, కోలాకులు అని చూస్తే తేడా స్పష్టంగానే ఉందండి. కానీ ఒక అనుమానం. కోలాకుల చెట్టుకి పోయిన ఏడాది గునపం తగిలి బెరడు లేచింది. అక్కడ రక్తంలా ఎర్రటి జిగురు కారి గడ్డకట్టింది. వేగిస అయితే ఎర్రగా ఎందుకు కారుతుంది?

గోదారి గట్టు కుర్రాడు
ఎర్రగా కారిందంటే ఎర్రచందనమే బ్రో. కంగ్రాట్స్. పార్టీ ఎప్పుడు?

పాపికొండ (రంపచోడవరం)
పార్టీ ఆపు తమ్ముడూ. రెండూ ఎర్రగానే కారతాయి. అసలు వేగిసకి పేరొచ్చిందే ఆ జిగురుతో. బెరడు మీద గాటు పెడితే ఎర్రగా ఊరి, ఎండాక నల్లటి ఎరుపులో పెళుసుగా, గాజు పెంకుల్లా విరుగుతుంది. దాన్ని కైనో అంటారు. ఒగరు. విరేచనాలకి మందుగా తెల్లదొరల కాలంలో మన దేశం నుంచి మలబారు కైనో పేరుతో ఓడలెక్కేది.

మా వైపు దీన్ని ఏగిస అనీ, పెద్దేగి అనీ కూడా అంటారు. మారేడుమిల్లి నుంచి పాపికొండల దాకా టేకు, మద్ది ఉన్న చోట ఇదీ ఉంటుంది. పూత వానలు తగ్గే రోజుల్లో, చెట్టంతా పసుపు, వాసన కూడా బాగుంటుంది. ఎర్రచందనానికీ పసుపు పూతే, కానీ అది ఎండాకాలపు పూత. మీ చెట్టు కార్తీకంలో పూసిందన్నారు కదా. నాకైతే ఆ ఒక్క ముక్కతోనే సగం తేలిపోయింది.

మండపేట మేనల్లుడు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ ఇదే గొడవ. మా అమ్మమ్మ గారి మండువా ఇల్లు విప్పుతున్నాం. దూలాలు తాటివి, టేకువీ. ద్వారబంధం ఒకటి, గుంజలు రెండు మాత్రం వేరే కర్ర. పైన వార్నిషు, మసి గీకితే ముదురు గోధుమ రంగు, లోపల నల్ల చారలు. మా మావయ్య అది ఎర్రచందనమని పట్టుబట్టి, గదిలో పెట్టి తాళం వేశాడు. అది నిజమైతే ఇంట్లో ఉంచుకోవడం నేరమా? తాళం చెవి చూస్తేనే నాకు నిద్ర పట్టట్లేదు.

అడితి మనిషి (రాజమండ్రి)
మేనల్లుడూ, మావయ్యని కంగారు పడొద్దను. నలభై ఏళ్ళుగా కర్ర వ్యాపారంలో ఉన్నాను. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళు విప్పినప్పుడు మా అడితికి వచ్చిన గుంజల్లో వేగిస చాలా చూశాను. ఎర్రచందనం గుంజ ఒక్కటీ చూడలేదు. వేగిస ఏజెన్సీ నుంచి నది మీద వచ్చేది. మా తాత చెప్పేవాడు, దుంగల్ని తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి రేవులో పట్టుకునేవాళ్ళట. బరువు కర్ర మునిగిపోకుండా పక్కన వెదురు కట్టలు కలిపి కట్టేవాళ్ళు. కడప కొండల నుంచి మీ మండపేటకి అప్పట్లో గుంజలు ఎవరు మోస్తారు చెప్పు?

తేల్చుకోవడం చాలా సుళువు. పాత చెక్క ముక్క ఒకటి నాలుగు పలకలా కోయించు. కొలిచి, తూచు. ఒక ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు. ఎర్రచందనం చేవ, అంటే లోపలి గట్టి కర్ర, అంతకన్నా బరువు, 31 కిలోల దాకా తూగుతుంది, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. ఎండిన వేగిస 22, 23 కిలోల దగ్గర ఉంటుంది, తేలుతుంది. టేకు ఇంకా తేలిక.

ఇంకోటి, తడిగుడ్డ చుట్టి ఓ రాత్రి ఉంచు. వేగిస అయితే గుడ్డకి పసుపు మరక దిగుతుంది. అందుకే వేగిస తలుపులకి సున్నం గోడ పక్కన తడి తగిలితే మరకలు పడతాయని వడ్రంగులు విసుక్కునేవాళ్ళు. ఎర్రచందనం రంగు నీళ్ళకి అంత తేలిగ్గా లొంగదు, స్పిరిట్‌లో వేస్తే మాత్రం ఎర్రగా దిగుతుంది.

సుగర్ సుబ్బులు
వేగిస అంటే షాపుల్లో అమ్మే సుగరు గ్లాసేనా? మా వారు రోజూ రాత్రి దాంట్లో నీళ్ళు పోసి పొద్దున్నే తాగుతారు. నీళ్ళని ఎండలో పెడితే నీలంగా మెరుస్తాయి. అలా మెరిస్తేనే అసలు వేగిస అని అమ్మినాయన చెప్పాడు. ఈ పరీక్ష చెయ్యండి, తేలిపోతుంది.

బాటనీ మాస్టారు (అమలాపురం)
సుబ్బులు గారూ, గ్లాసు అదే కర్రండి, విజయసార్ అని హిందీ పేరుతో అమ్ముతారు. కానీ నీలి మెరుపు పరీక్ష ఈ రెండు చెట్లనీ విడదీయదు. టెరోకార్పస్ కుటుంబంలో చాలా కర్రలకి ఆ గుణం ఉంది, ఎర్రచందనం పొడిని నీళ్ళలో కలిపినా మెరుపు రావచ్చు. అది మామిడి కర్ర కాదని చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే.

గ్లాసు గురించి అడిగారు కాబట్టి ఒక మాట. 1998లో భారత వైద్య పరిశోధన మండలి విజయసార్ మీద చేయించిన పరీక్ష ఫలితాలు వచ్చాయి, కొత్తగా మధుమేహం తేలిన వాళ్ళలో కొంత మేలు కనిపించింది. అయితే అక్కడ ఇచ్చింది కొలిచిన మోతాదులో తీసిన సారం, గ్లాసులో నానిన నీళ్ళు కాదు. మీ వారు మాత్రలు మానేయలేదు కదా?

సుగర్ సుబ్బులు
మానలేదు మాస్టారూ. మానితే నేను ఊరుకుంటానా.

రిటైర్డ్ రేంజి
లంకగాలి గారికి. అడ్వాన్సు తీసుకోలేదు కదా? తీసుకోవద్దు. "పర్మిషన్లు మేం చూసుకుంటాం" అన్న మాట నేను ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. తీరా లారీ పట్టుబడితే ఆ మనిషి ఫోను స్విచాఫ్ ఉంటుంది, పట్టాదారు పేరు మాత్రం కాగితం మీద ఉంటుంది.

సొంత పట్టా భూమిలో ఎర్రచందనం పెంచడం తప్పు కాదు. నరకాలన్నా, దుంగ కదపాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, రవాణా పర్మిట్ కావాలి. దేశం దాటించాలంటే దాని పైన సైటిస్ కాగితాలు, అంటే ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం తాలూకువి. ఆ ఒప్పందంలో ఎర్రచందనం 1995 నుంచి రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే వ్యాపారం చేయాల్సిన జాబితాలో ఉంది. 2019లో కేంద్రం పట్టా భూముల్లో పెంచిన దాని ఎగుమతికి దారి తెరిచింది. అందుకే మళ్ళీ ఊళ్ళ మీద ఇలాంటి వాళ్ళు తిరుగుతున్నారు. మీరు చేయాల్సింది ముందుగా చెట్లు లెక్క పెట్టి, ఫోటోలు తీసి, గ్రామ రికార్డులో నమోదు చేయించుకోవడం, రేంజి ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం.

మండపేట కుర్రాడికి, ముందు ఏ కర్రో తేల్చుకో బాబూ, తర్వాత భయపడుదువుగాని.

కాలవగట్టు
అదంతా సరే, నాకు తెలియక అడుగుతున్నాను. లంకగాలి గారి మూడాకుల చెట్లు నిజంగా ఎర్రచందనమే అయినా, డబ్బొస్తుందా? మా పక్క తోటాయన వేశాడు. గోదారి మట్టిలో కొబ్బరితో పోటీపడి పెరుగుతున్నాయి. ఒకటి గాలికి విరిగితే చూశాం, లోపలంతా తెలుపే. ఎరుపు ఒక పెన్సిలంత లేదు.

నల్లమల నడక
అసలు విషయం అక్కడికొచ్చారు. నేను రాజమండ్రి వచ్చిన కొత్తలో కడియం నర్సరీల్లో ఎర్రచందనం మొక్కలు చూసి నవ్వుకున్నాను. మా కొండల్లో దాని బతుకు వేరు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, అటు నల్లమల దక్షిణపు కొస. ప్రపంచం మొత్తంలో అది తనంతట తాను మొలిచేది ఆ కాసిని కొండల మీదే. అక్కడ మట్టి కన్నా రాయి ఎక్కువ. వేసవిలో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. ఏడాదికి ఎంత లావెక్కిందో గోటితో కొలవాలి. అలా దశాబ్దాలు గడిస్తే లోపల చేవ కడుతుంది. ఆ చేవలో మళ్ళీ అలల్లాంటి అల్లిక ఉన్నది ఏ కొద్ది చెట్లకో. చైనాలో పాత రాజుల కాలపు సామాను, జపాన్‌లో షామిసెన్ అనే వాద్యానికి మెడ, అన్నీ ఆ బరువూ ఆ అల్లికా చూసి కొన్నవే. వేలంలో ఏ గ్రేడు, బీ గ్రేడు అని విడదీసేది అందుకే.

మీ డెల్టాలో మట్టి మెత్తన, అడుగు తవ్వితే చెమ్మ, కాలవ కట్టేసినా కొబ్బరి తడి ఆగదు. చెట్టు హాయిగా పెరుగుతుంది. పెరిగితే తెల్లచెక్క పెరుగుతుంది, చేవ తొందరపడదు. ఇక నీళ్ళు నిలిచిన చోట అది బతకను కూడా బతకదు. లంకగాలి గారి పల్లంలో చెట్లు చచ్చిపోవడానికి నాకు తోచిన కారణం అదే. అలాగని పెంచకూడదని నేను అనను. ముప్పై, నలభై ఏళ్ళు ఆగేవాళ్ళు, ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోనివాళ్ళు పెంచుకోవచ్చు. పాతికేళ్ళకి కోట్లు అని చెప్పినవాడు మాత్రం మొక్కలు అమ్ముకున్నాడు.

ఒక మంచి కబురు కూడా. సైటిస్ వాళ్ళు ఎర్రచందనం వ్యాపారం విషయంలో 2004 నుంచి మన దేశాన్ని ప్రత్యేక సమీక్షలో పెట్టారు. 2023 నవంబరులో ఆ జాబితా నుంచి తీసేశారు. కానీ చెట్టు పరిస్థితి మారిందని కాదు. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళ ఎర్రజాబితాలో (ముప్పులో ఉన్న జీవజాతుల పట్టిక) 2018లో ముప్పు తక్కువ మెట్టుకి దించి, మళ్ళీ కొన్నేళ్ళకే అంతరించే ప్రమాదంలో ఉన్న వాటిలోకి చేర్చారు.

పాపికొండ
ఎర్రచందనానికి టాస్క్‌ఫోర్సు ఉంది, పేపర్లో వార్త ఉంది, సినిమాలున్నాయి. వేగిసకి ఏముంది? ఐయూసీఎన్ లెక్కలో అదీ ముప్పుకి దగ్గరలో ఉన్న చెట్టే. దేశంలో చాలా రాష్ట్రాల అడవుల్లో, శ్రీలంకలో కూడా ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టదు. అన్ని చోట్లా కొంచెం కొంచెం పోతే లెక్కలో కనపడదు కదా. జిగురు కోసం గాట్లు, గ్లాసుల కోసం నరకడం, తలుపుల కోసం దొంగ కోత. నా చిన్నప్పుడు మా ఊరి సంత దారిలో రెండు చేతులు చాచినా అందని వేగిసలు నాలుగుండేవి. ఇప్పుడు ఒకటుంది, దానికీ ఒక పక్క బెరడు లేదు. 2008లో పాపికొండలు జాతీయ పార్కు అయ్యాక లోపలివి కొంత నయం. బయటివాటి సంగతే.

సుబ్బులు గారూ, మిమ్మల్ని అనట్లేదు. ఆ గ్లాసు రంగు దిగడం మానేశాక ఇంకోటి కొంటారు కదా, అదొక్కటే నా బాధ.

బాటనీ మాస్టారు
మొలక కూడా కష్టమే పాపికొండ గారూ. రెండు చెట్లకీ గింజ గట్టి కాయ లోపల ఇరుక్కుని ఉంటుంది, పగలగొట్టి తీస్తే నలుగుతుంది. అందుకే రెక్క కత్తిరించి, కాయని నానబెట్టి అలాగే పాతుతారు. పది వేస్తే నాలుగైదు మొలిచినా సంతోషమే. నర్సరీల్లో ఎర్రచందనం పేరు మీద వేగిస ఎందుకొచ్చిందంటారా, కాయలు పోలి ఉండడం, దొరికిన సంచిలో దొరికినవి కలిసిపోవడం. మోసం కాకుండా పొరపాటు కూడా అయ్యుండొచ్చు.

గోదారి గట్టు కుర్రాడు
మాస్టారు అందరినీ క్షమించేస్తారు.

మండపేట మేనల్లుడు
ఫలితం వచ్చింది. గుంజ అడుగున పుచ్చిన భాగం తీసేసి, అడుగు పొడవు, ఆరంగుళాలు వెడల్పు, నాలుగంగుళాలు మందం ముక్క సామిల్లులో కోయించాను. అంటే ఘనపుటడుగులో ఆరో వంతు. కిరాణా కొట్టు కాటా మీద 3 కిలోల 800 గ్రాములు తూగింది. ఆరుతో గుణిస్తే 22.8. అడితి బాబాయి చెప్పిన లెక్కే! బకెట్‌లో వేస్తే తేలింది. తడిగుడ్డకి పొద్దున్నే పసుపు మరక.

మావయ్య మొహం చూడాల్సింది. తాళం తీసేశాడు. "వేగిసయితే ఏం, అమ్మ చేత్తో పసుపు రాసిన గుమ్మం" అని ఇప్పుడు కొత్త ఇంటికి అదే పెట్టమంటున్నాడు.

అడితి మనిషి
పెట్టించు. చెదకి తొందరగా లొంగదు. తడి తగలకుండా అడుగున రాయి వేయించు. పాత వేగిస ద్వారబంధం ఇవాళ కొందామన్నా దొరకదు.

లంకగాలి
అందరికీ ధన్యవాదాలండి. నిన్న ఆదివారం, మా పాప నోట్‌బుక్ పట్టుకుని రాస్తుంటే చెట్టు చెట్టుకీ పాతిక ఆకులు చూశాం. మూడు గుండ్రటాకులవి ఎనిమిది. ఆ ఎనిమిదీ పాత గడ్డిమేటు దగ్గర, గట్టు ఎత్తుగా ఉన్న చోటే ఉన్నాయి. కోలాకులవి పదమూడు, వాటిలో ఆరింటికి పూత. మిగిలిన రెండు ఏంటో అర్థం కాలేదు, ఆకులు చింతాకులా చాలా చిన్నవి, కింద ఎర్రటి మెరిసే గింజలు రాలి ఉన్నాయి. పాప ఏరుకుంది.

బాటనీ మాస్టారు
ఆ రెండూ బండి గురివింద. దాన్ని కూడా కొన్ని చోట్ల రక్తచందనం అనేస్తారు. కనుక మీ నాన్నగారికి నర్సరీ వాళ్ళు మూడు రకాల "ఎర్రచందనం" ఇచ్చారన్నమాట.

లంకగాలి
పేరు కలిసిందనే సంతోషించాలి.

రేంజి గారు చెప్పినట్టు అర్జీ ఇచ్చాను, ఎనిమిది చెట్లనే రాశాను, రసీదు ఇచ్చారు. సాయంత్రం ఆ కొనేటాయన మళ్ళీ ఫోను చేశాడు. పదమూడు వేగిసలని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ఏం ఫర్వాలేదండి, అదీ దీని కిందే పోతుంది" అన్నాడు.

రిటైర్డ్ రేంజి
ఆ నంబరు బ్లాక్ చేయండి. చేసే ముందు రాసి పెట్టుకోండి.

కాలవగట్టు
పదమూడు వేగిసల్ని ఏం చేస్తారండీ ఇప్పుడు? కొబ్బరికి నీడ పడుతుందని కొట్టేస్తారా?

లంకగాలి
మా అమ్మని అడిగాను. "మీ నాన్న నీళ్ళు పోసినవి, ఉండనీ" అంది. ఉత్తరం వైపు రెండు మాత్రం కొబ్బరిచెట్ల మీదికి వాలుతున్నాయి, కొమ్మలు కొట్టించాలి. గాటు పెట్టిన చోట జిగురు కారుతుందేమో, ఏమైనా పూయాలా?

పాపికొండ
ఏం పూయక్కర్లేదు, అదే గడ్డకట్టి మూసుకుంటుంది. వాన రోజుల్లో కాకుండా పొడి రోజు చూసి కొట్టించండి. పూత ఉన్న ఆరు చెట్ల మీద ఒక కన్నేసి ఉంచండి, కాయలు ఎండి గోధుమ రంగుకి తిరిగాక రాలతాయి. అప్పుడు ఒక సంచిడు నాకు పంపగలరా? బస్సు పార్సిల్ ఖర్చు నేను పెట్టుకుంటాను. రెక్కలు కత్తిరించకండి, అది ఇక్కడ మేం చూసుకుంటాం.

లంకగాలి
పంపుతాను. సంచి మీద మాత్రం "వేగిస" అని పెద్దక్షరాలతో రాస్తాను.